తూటా ఎక్కడ ఆగుతుంది

మా తాతకు లైసెన్సు తుపాకి ఉండేది. ఒంటి గొట్టం, మూతి నుంచే మందు కూరి పేల్చే రకం, పంట కాపలా కోసమని ఇచ్చింది. ఉదయగిరి కొండ దిగువన మాకున్న చేలో సజ్జ పాలు పట్టే రోజుల్లో ఆయన మంచె మీదే పడుకునేవాడు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా తుపాకిని స్టేషన్లో అప్పజెప్పి రావాలి, అయిపోయాక మళ్లీ పోయి తెచ్చుకోవాలి, మధ్యలో రెన్యువల్. ఆయన పోయాక నాయన ఈ తిరుగుడు పడలేక దాన్ని పూర్తిగా అప్పగించేశాడు.

ఆ తుపాకి మళ్లీ గుర్తుకొచ్చింది పోయిన చలికాలం, అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు. వాళ్ల ఇంటి వెనకాలే మొక్కజొన్న కోసేసిన పొలాలు, కనుచూపు మేరా చదును. నవంబరు ఆఖర్లో థ్యాంక్స్‌గివింగ్ పండగ దాటిన సోమవారం తెల్లారకముందే పొలాల్లో నారింజ రంగు కోట్లు కనపడ్డాయి. దుప్పుల తుపాకి వేట ఆ రోజే మొదలు. ఆ రంగు కోటు లేకుండా వేటకు పోకూడదు, పొద్దు పొడవడానికి అరగంట ముందు నుంచి పొద్దు గూకిన అరగంట దాకానే కాల్చాలి, షాట్‌గన్‌లో, అంటే మామూలుగా చిన్న గుళ్లు చిమ్మే తుపాకిలో, మూడు తూటాలకు మించి పట్టకూడదు.

పక్క పొలం పెద్దాయన మా అమ్మాయితో చెప్పి నన్ను పిలిపించుకుని రెండు తూటాలు చేతిలో పెట్టాడు. ఒకటి షాట్‌గన్‌లో వేసే స్లగ్, బొటనవేలంత లావు సీసపు ముద్ద. రెండోది రైఫిల్ తూటా, కానీ దాని ఇత్తడి గొట్టం కింది నుంచి పై దాకా దాదాపు ఒకే లావు. మామూలు రైఫిల్ తూటా సీసాలాగా మెడ దగ్గర సన్నబడుతుంది, మందు ఎక్కువ, ముందున్న గుండు చిన్నది, అందుకే మైళ్ల దూరం పోగలదు. ఒహాయో లాంటి చదును నేలలో, పొలం పక్కనే ఇళ్లున్న చోట గురి తప్పితే అది ఎవరి గోడలో దిగుతుందో తెలీదు కాబట్టి రైఫిల్‌తో దుప్పిని కొట్టనిచ్చేవాళ్లు కాదు. 2014లో ఈ నిటారు గొట్టం తూటాల రైఫిళ్లకు మాత్రం ఒప్పుకున్నారు, .357 నుంచి .50 సైజు వరకు. స్లగ్ తుపాకి భుజాన్ని గుద్దేస్తుంది, దీనికి గురి బాగా కుదురుతుంది, దూరం మాత్రం మామూలు రైఫిల్ అంత పోదు. అయోవా రాష్ట్రం 2017లో అదే దారి పట్టింది. ఇల్లినాయిస్ 2023 నుంచి ఒక్కో తూటానే వేసుకునే రైఫిళ్లకు అనుమతిచ్చింది. మిన్నెసోటా అయితే 2026 జనవరి 1 నుంచి షాట్‌గన్ జోన్‌నే, అంటే రైఫిల్‌తో దుప్పిని కొట్టకూడని ప్రాంతాన్నే, ఎత్తేసి, కావాలంటే కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) ఉంచుకోవచ్చని వదిలేసింది. అన్నట్టు మా తాత తుపాకి లాగా మూతి నుంచి మందు కూరే వాటికి ఒహాయోలో వేరే సీజనే ఉంది!

ఇందులో నాకు బాగా పట్టేసిన సంగతి ఇంకోటి. స్లగ్ అయితే భద్రం అని అందరూ అనుకుంటూ ఉండగా పెన్సిల్వేనియా శాసనసభ కమిటీ ఒకటి పరీక్ష చేయించింది. 2007లో వచ్చిన ఆ నివేదికలో, తుపాకిని నేలకు సమంగా పట్టి కాలిస్తే స్లగ్ నేలకు తగిలి ఎగిరి రైఫిల్ గుండు కంటే ఎక్కువ దూరం పోతుందని తేలింది. ఏళ్ల తరబడి నమ్మిన మాటను కూడా పక్కన పెట్టి, గుండు ఎక్కడ ఆగుతుందో కొలిచి చూశారు. నాకది చాలా నచ్చింది.

మన దగ్గరా ఒకప్పుడు ఇలాంటి రూలుండేది, ఇప్పుడు ఎవరికీ గుర్తున్నట్టు లేదు. 1972 వన్యప్రాణి చట్టం మొదట వచ్చినప్పుడు లైసెన్సు మీద వేట ఉండేది. చుక్కల దుప్పి, కణితి, అడవి పంది లాంటి పెద్ద జంతువుల్ని రైఫిల్‌తోనే కొట్టాలని, షాట్‌గన్ అయితే ప్రత్యేక అనుమతితో ఒంటి స్లగ్ మాత్రమే వాడాలని రాశారు. చిన్న గుళ్లు తగిలితే జంతువు చావదు, గాయంతో రోజుల తరబడి తిరుగుతుంది కదా. 1991 సవరణలో ఆ లైసెన్సులూ పోయాయి, ఆ రూలూ పోయింది. అది పోవడం మంచిదే అంటాను. ఒహాయోలో 1904 నాటికి ఒక్క దుప్పి కూడా మిగల్లేదట, బయటి నుంచి తెచ్చి పెంచుకున్నారు. మన వెలిగొండల్లో ఆ గతి పట్టకూడదు, దుప్పి మీద తుపాకి ఎత్తమని నేను ఎవరికీ చెప్పను.

నా బాధ పందుల గురించి, కరెంటు గురించి. శనక్కాయ ఊరే రోజుల్లో ఒక్క రాత్రి పందుల మంద దిగిందంటే తెల్లారేసరికి చేను దున్నేసినట్టుంటుంది. చట్టంలో దారి ఉంది. పంట పాడు చేసే జంతువుని, కారణాలు రాసి, కొట్టడానికి అటవీ అధికారి అనుమతివ్వొచ్చు. కానీ మా ఊళ్లో ఆ కాగితం ఎవరిని అడగాలో, వస్తే ఎవరు కాలుస్తారో, ఏ తుపాకితో, ఏ దిక్కుకో ఒక్కరికి తెలీదు. తెలీనప్పుడు జనం చేసేది ఏంటంటే, చేను చుట్టూ తీగ లాగి మోటారు లైను నుంచి కరెంటు తగిలిస్తారు. నాలుగేళ్ల కింద మా వీధి కుర్రాడు రాత్రి పూట మోటారు వేయడానికి అడ్డదోవన పోయి పక్క చేలో తీగ తొక్కాడు. ఇరవై రెండేళ్లు. తీగ కట్టిన ఆయన వాళ్లకు దూరపు చుట్టమే, ఇప్పటికీ ఆ ఇంటి ముందు నుంచి నడవలేడు. తీగకు గురి ఉండదు, తెల్లారిందా లేదా అని చూడదు, పందీ దుప్పీ మనిషీ దానికి ఒకటే.

అందుకే అడుగుతున్నా. పందుల్ని కొట్టడానికి అనుమతిస్తే, ఏ తుపాకి, ఏ తూటా, ఏ వేళ, ఎవరు అన్నది ఊరి సచివాలయం బోర్డు మీద అంటించండి. ముందు రోజు దండోరా వేయించండి. తీగలు తీసేసిన చేలకే ఆ అనుమతి ఇవ్వండి.

ఒహాయో పెద్దాయన ఆ రోజు తాను కూర్చునే చోటు చూపించాడు, ఎదురుగా మనిషెత్తు మట్టికట్ట. దాని వైపు వచ్చిన దుప్పినే కొడతాడట, ఇంకో వైపు ఎంత పెద్దది కనపడినా వదిలేస్తాడట. మా తాత మంచె కొండ వైపు తిరిగి ఉండేది, వీపు ఊరి వైపు. చల్లగాలి కోసం అనుకునేవాణ్ణి చిన్నప్పుడు.