బెజవాడ వేడుకలకు తేదీ కాదు, తిథి చూసి బయల్దేరండి

బెజవాడలో చూసి తీరాల్సిన వేడుకలు చాలావరకు దసరాకు, సంక్రాంతికి మధ్యే వస్తాయి. బయటి ఊళ్ల వాళ్లు ముందు రైలు టికెట్లు తీసుకుని ఆ తర్వాత పంచాంగం చూస్తారు. ఇబ్బందంతా అక్కడే మొదలవుతుంది.

శరన్నవరాత్రుల్లో మూలా నక్షత్రం రోజున ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మ సరస్వతిగా దర్శనమిస్తుంది. ముందురోజు రాత్రి నుంచే క్యూలైన్లు నిండిపోతాయి. చంటిపిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే ఆ రోజు వద్దు. అలంకారం రోజూ మారుతుంది కాబట్టి వారం మధ్యలో వచ్చే మరో రోజు పెట్టుకోండి.

విజయదశమి సాయంత్రం తెప్పోత్సవం. గంగాపార్వతీ సమేత మల్లేశ్వరస్వామి ఉత్సవమూర్తులను దీపాలతో అలంకరించిన హంస వాహనం మీద కృష్ణలో విహరింపజేస్తారు. ఇది వర్షాకాలం చివర్లో వస్తుంది. ఎగువ నుంచి వరద దిగుతూ ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తి ఉంటే నీటి లాగుడు గేట్ల వైపే ఉంటుంది. అలాంటి ఏడాది హంస వాహనాన్ని నదిలో తిప్పరు, దుర్గాఘాట్ దగ్గరే నిలిపి పూజలు చేస్తారు. అందుకే బయల్దేరే ముందు బ్యారేజీ నుంచి దిగువకు నీళ్లు వదులుతున్నారేమో వార్తల్లో చూసుకోండి. వదులుతుంటే నదీ విహారం మీద ఆశ పెట్టుకోవద్దు.

తుమ్మలపల్లి కళాక్షేత్రంలో కూచిపూడి చూడాలంటే మొదటి వరుస కోసం పోటీపడొద్దు. వేదిక ఎత్తుగా ఉంటుంది, మరీ ముందు కూర్చుంటే తరంగం అనే నృత్యాంశంలో ఇత్తడి పళ్లెం అంచు మీద ఆనిన పాదాలు సరిగా కనబడవు. నాలుగైదు వరుసలు వెనక్కి, మధ్యలో కూర్చోండి. సత్యభామ కథతో సాగే భామాకలాపం ఉంటే మాత్రం ఆలస్యంగా వెళ్లకండి. సత్యభామ తెర వెనక నుంచి జడను తెర మీదుగా ఇవతలికి వేసే ఘట్టం ప్రవేశంలోనే అయిపోతుంది. ఆమె స్వాతిశయమంతా ఆ జడలోనే ఉంది, అది తప్పిపోతే కలాపం సగం పోయినట్టే.

సంక్రాంతి బొమ్మల కొలువుకు కొండపల్లి బొమ్మలు కొనాలంటే పండగ వారంలో కాదు, ధనుర్మాసం మొదట్లోనే కొండపల్లి వెళ్లండి. తెల్ల పొణికి చెక్కతో భాగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి రంగులు వేస్తారు. అతుకు దగ్గరే లోపం బయటపడుతుంది. ఏనుగు అంబారీ కొంటే తొండం, అంబారీ స్తంభాలు వేలితో మెల్లగా కదిపి చూడండి. దశావతారాలైతే పది ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి. తడిగుడ్డతో తుడిస్తే రంగు, మక్కు రెండూ దెబ్బతింటాయి, పొడి కుంచె చాలు. కొలువు తీశాక పాత నూలుగుడ్డలో చుట్టి, తేమ తగలని అటక మీద పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో బిగిస్తే బూజు పడుతుంది.

పుస్తక మహోత్సవానికి తిథితో పనిలేదు, సాధారణంగా జనవరి మొదట్లోనే వస్తుంది. స్వరాజ్ మైదానంలో 2024లో అంబేద్కర్ విగ్రహం వెలిసింది కాబట్టి పాత అలవాటు కొద్దీ అక్కడికి వెళ్లకుండా మీరు వెళ్లే ఏడాది వేదిక ఎక్కడో కనుక్కోండి. సాయంత్రాలు సభలు, రద్దీ. పుస్తకాలు తిరగేసి ఎంచుకోవాలంటే మధ్యాహ్నం తెరవగానే వెళ్లాలి.