రబాబుకి మూడో తోలు: ఈసారి జిగురు దగ్గర పోయింది

నిన్న రాత్రి పదకొండున్నరకి గరాజ్‌లోంచి టప్‌మని చప్పుడు వినిపించింది. పరుగెత్తుకెళ్ళి చూస్తే రబాబు (పొట్ట మీద మేక తోలు బిగించిన అఫ్ఘాన్ తీగల వాద్యం) తోక వైపు, తీగలు కట్టే చోటికి పక్కనే, తోలు అంచు 3 సెంటీమీటర్ల మేర లేచిపోయి ఉంది. మూడో తోలు, తొమ్మిదో రోజు. చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

ఈ రబాబు నాదే, పెషావర్‌లో చేసినది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. దీనికి ఏమైనా తట్టుకోగలను. కానీ దీనిమీద తోలు బిగించడం సరిగ్గా వచ్చేదాకా కాకా రబాబు మీద చెయ్యి వెయ్యనని నాకు నేనే మాట ఇచ్చుకున్నాను. ఆ రోజు వెనక్కి వెనక్కి పోతోంది. నా టెన్షన్ అంతా అదే.

కాకా మా వీధి చివర ఉండే కాబూల్ పెద్దాయన. వాళ్ళ భాష దరీలో బాబాయిని కాకా అంటారు, తెలంగాణలో పెరిగిన నాకు ఆ పిలుపు పరాయిదిగా అనిపించలేదు. ఆయన నన్ను ‘బచేమ్’ అంటారు, అంటే నా బిడ్డా అని. సోవియట్ యుద్ధం రోజుల్లో కాబూల్ నుంచి పెషావర్‌కి, అక్కడి నుంచి కాలిఫోర్నియాలోని ఈ ఫ్రీమాంట్‌కి వచ్చారు. రబాబు తర్వాత ఎప్పుడో బంధువుల పరుపుల మధ్య చుట్టుకుని వచ్చింది. దాని తోలు చిరిగి పన్నెండేళ్ళయింది. కాబూల్‌కి పంపి బాగు చేయిద్దామని దాచుకున్నారు. 2021 ఆగస్టు తర్వాత ఆ ఆశ పోయింది. 2023 జులైలో హెరాత్‌లో తాలిబన్లు వాయిద్యాలు కుప్పపోసి తగలబెట్టిన ఫోటో నాకు చూపించి, ఏమీ అనకుండా ఫోన్ బోర్లా పెట్టేశారు. ఆ రోజే అడిగాను, నేను నేర్చుకుని బాగు చేస్తానని.

ఇక లెక్కల్లోకి వస్తాను. మొదటి మేక తోలు 0.9 మిల్లీమీటర్లు. తీగలు శ్రుతికి ఎక్కించాక, తోలు మీద నిలబడి వాటిని మోసే బ్రిడ్జి కిందికి దిగింది 0.8 మిల్లీమీటర్లే, కానీ గొంతు లేదు. మీటిన స్వరం సెకను కూడా నిలవలేదు. రెండోది 0.5. గొంతు అద్భుతం. రెండో రోజుకే 2.8 మిల్లీమీటర్లు దిగింది, ఏడో రోజుకి 4.1. చట్రం మీద అడ్డంగా స్టీలు స్కేలు పెట్టి, కాలిపర్‌తో రోజూ ఉదయం ఏడింటికి కొలిచాను. బ్రిడ్జి అంత దిగితే పై తీగలు ఆఖరి మెట్టుకి తగిలి గరగరలాడతాయి. అంతకన్నా పెద్ద బాధ తరఫ్ తీగలతో, అంటే పై తీగలు మీటితే వాటంతటవే మోగే తీగలతో. నా రబాబుకి అవి పదమూడు. బ్రిడ్జిలో రంధ్రాల గుండా వెళ్తాయి కాబట్టి బ్రిడ్జి కుంగగానే వాటి వంపు పోయి వదులుగా చిటపటలాడాయి.

అఫ్ఘాన్లు బ్రిడ్జిని ఖరక్ అంటారు, అంటే గాడిదపిల్ల. మన వీణకైతే గుర్రం. ఆ మాట చెబితే కాకా ఎంత సంబరపడ్డారో. ఇంకో పోలిక కూడా చెప్పాను: బొబ్బిలి వీణని ఒకే పనస దుంగలోంచి తొలిచినట్టు, రబాబుని ఒకే మల్బరీ దుంగలోంచి తొలుస్తారు.

మూడోది 0.65. ఈసారి మేక వెన్నుగీత రబాబు పొడవునా వచ్చేలా పెట్టాను. వెన్ను దగ్గర తోలు మందం, సాగడం తక్కువ. రెండోసారి అది అడ్డంగా పడటం వల్లే అంత కుంగిందని నా అనుమానం. రాత్రంతా మామూలు నీళ్ళలో నానబెట్టాను. వేడినీళ్ళు వద్దు, పచ్చితోలు ముడుచుకుపోతుంది. ఫలితం బాగుంది: మూడో రోజుకి 1.6 మిల్లీమీటర్లు దిగి అక్కడే ఆగింది, ఎనిమిదో రోజు కూడా అంతే. గొంతు కాకా ఫోన్‌లో విని ‘ఆఁ, ఇదీ’ అన్నారు. మర్నాడు రాత్రే అంచు ఊడింది.

ఊడిన అంచుని భూతద్దంతో చూశాను. చెక్క మీద జిగురు పొర నున్నగా, గాజులా మెరుస్తూ అలాగే ఉంది. తోలు వైపు ఒక్క మరక లేదు, పీచు కూడా లేవలేదు. అంటే లాగుడు ఎక్కువై తెగింది కాదు, అసలు అతకనే లేదు. ఎనిమిది రోజులు పక్కనున్న అంచుల బలం మీద నిలబడిందన్నమాట. నేను వాడింది వేడి చేసి పూసే జంతుచర్మపు జిగురు, కాకా మాటలో సిరీష్. 60 డిగ్రీల దగ్గర పలచగా ఉంటుంది, చల్లారితే జెల్లీ అయిపోతుంది. ఆ రోజు గరాజ్‌లో 14 డిగ్రీలు. తోలు చల్లగా, తడిగా ఉంది. తల వైపు నుంచి పూసుకుంటూ తోక దగ్గరికి వచ్చేసరికి గిన్నెలో జిగురు గట్టిపడి ఉంటుంది. ఊడింది కూడా సరిగ్గా చివర పూసిన చోటే. జిగురు ఆరేదాకా తోలుని బిగించి ఉంచే పట్టీలు 30 గంటలకే విప్పేశాను, అదీ తొందరే. ఉదయం పొగమంచుకి 62 శాతం తేమ, హీటర్ వేస్తే 38: ఈ తేడా కూడా అంచుని లాగి ఉంటుంది. కానీ అసలు దోషం జిగురు చల్లారడమే అని నా నమ్మకం.

ప్లాస్టిక్ తోలు వేసుకో, గొడవుండదు అని ఇద్దరు సలహా ఇచ్చారు. తేమకి చలించదు, నిజమే. కానీ ఆ గొంతులో మట్టి వాసన ఉండదు, కాకా రబాబుకి అది వెయ్యను. తీగల విషయంలో మాత్రం నాకు పట్టింపు లేదు: పై మూడింటికి సావరేజ్ నైలాన్, తరఫ్‌లకి డి'అడారియో స్టీలు, రెండూ హాయిగా ఉన్నాయి.

వాయింపు సంగతి ఒక్క మాటలో: మొగొలీలో, అంటే మన మిశ్ర చాపులాంటి 7 మాత్రల తాళంలో, బైరమీ రాగంలో నగ్మా, అంటే వాద్యం మీద వాయించే బాణీ, తడబడకుండా వచ్చింది. బైరమీ హిందుస్తానీ భైరవికి చుట్టమే. 1860ల్లో అమీర్ షేర్ అలీ ఖాన్ హిందుస్తాన్ నుంచి పిలిపించిన సంగీతకారుల వల్లే కాబూల్‌లో ఖరాబాత్ అనే వాద్యకారుల పేట వెలిసింది. 1990ల అంతర్యుద్ధంలో ఆ పేట నేలమట్టమైంది. అక్కడి బిడ్డ, రబాబు విద్వాంసుడు హుమాయూన్ సఖీ పెషావర్ మీదుగా ఈ ఫ్రీమాంట్‌కే వచ్చి వాయించారు. కాబూల్ రబాబు విద్వాంసుడు ఉస్తాద్ మొహమ్మద్ ఒమర్ 1974లో సియాటెల్‌లో జాకిర్ హుస్సేన్ తబలాతో వాయించిన కచేరీ రికార్డింగే నాకు కొలబద్ద. ప్రతి కొత్త తోలునీ దాని పక్కన పెట్టి వింటాను.

యునెస్కో 2024లో రబాబుని వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు వాయించడంతో పాటు తయారీనీ కలిపింది. నాకు చాలా నచ్చిన విషయం అది. తాలిబన్లు వచ్చాక దేశం వదిలిన కాబూల్ సంగీత సంస్థ పిల్లలు పోర్చుగల్‌లోని బ్రాగాలో రోజూ సాధన చేస్తున్నారు. వాళ్ళ చేతిలోని తోళ్ళు కూడా ఏదో ఒక రోజు చిరుగుతాయి. అందుకే కాకా చెప్పే ప్రతి మాటనీ, నా ప్రతి కొలతనీ నోట్‌బుక్‌లో రాస్తున్నాను. కుదిరితే దరీలోకి ఆయన చేతే రాయిస్తాను.

నాలుగో తోలు 0.65దే, తెచ్చిపెట్టాను. పని ఈసారి వంటింట్లో, హీటర్ వేసి. చట్రాన్ని హెయిర్ డ్రయ్యర్‌తో 40 డిగ్రీలకి వేడెక్కించి, జిగురు తోక నుంచే మొదలుపెట్టి పూస్తాను. గిన్నె వేడినీళ్ళలోనే ఉంటుంది. జిగురులో చిటికెడు ఉప్పు కలిపితే కాస్త ఆలస్యంగా గట్టిపడుతుంది, ముందు చెక్కముక్క మీద చూడాలి. పట్టీలు మూడు రోజులు విప్పను. ఒంటిచేత్తో లాగడం కూడా తప్పేనట: కుర్రతనంలో కాబూల్ దుకాణంలో ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని లాగడం చూశానని కాకా ఫోన్‌లో చెప్పారు. శనివారం పొద్దున్నే వస్తానన్నారు. శుక్రవారం రాత్రి తోలు నానబెడతాను.