వంద యెన్ల క్లాసు

సంక్రాంతికి జపాన్ నుంచి అమలాపురం వచ్చా. "జపనీస్‌కి ఎంత పోశావురా?" అన్నాడు మావయ్య. క్లాసుకి వంద యెన్లండీ అంటే నమ్మడే! ఆయ్, నిజం.

ముందు ప్రైవేటు స్కూల్ ఫీజు చూసి కళ్లు తిరిగాయి. తర్వాత తెలిసింది, మా పేట కొమింకన్‌లో (మన కమ్యూనిటీ హాలు లాంటిదే) రిటైరైన పెద్దవాళ్లు వాలంటీర్లుగా నేర్పుతారని. మొదటిరోజే ఒకావిడ గురించి చెబుతూ 'ఒబాసన్' అనేశా. అందరూ పక్కున నవ్వారు. 'ఒబసన్' అంటే పిన్ని లాంటావిడ, దీర్ఘం తీస్తే బామ్మ! దీర్ఘాలతో పెరిగినవాణ్ణి, నాకే ఇలా జరగాలా?

వాక్యం చివర క్రియ, పేరు వెనక విభక్తి, అచ్చం మనలాగే. కంజీ (జపనీస్‌లో వాడే చైనీస్ అక్షరాలు) మాత్రం వేరే ఏడుపు. డిసెంబర్లో ఎన్4 (జపనీస్ భాషా పరీక్షలో ఒక లెవెల్) రాయాలి, టెన్షన్‌గానే ఉంది.

మావయ్య మాత్రం పొద్దున్నుంచీ అత్తయ్యని 'ఒబాసన్' అనే పిలుస్తున్నాడు. దీర్ఘం తీసి మరీ.