సెకండ్ హ్యాండ్ కారు: జాతకం మనమే కూర్చుకోవాలి

ఇంగ్లండులో మూడేళ్లు దాటిన ప్రతి కారుకూ ఏటా ఎంఓటీ పరీక్ష ఉంటుంది. నంబరు కొడితే చాలు, ఏ ఏడాది పాసైంది, దేనికి ఫెయిలైంది, ఆ రోజు మీటరు ఎన్ని మైళ్లు చూపించింది, అన్నీ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా కనిపిస్తాయి. అక్కడ కారు కొనే తెలుగువాళ్లు ముందు అది తెరిచి చూస్తారు. అయితే ఆ పరీక్షలో ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్స్ ఎలా ఉన్నాయో చూడరు. మన దగ్గర ఆ మాత్రం కూడా లేదు. సొంత కారుకు మొదటి 15 ఏళ్లూ ఫిట్‌నెస్ పరీక్ష అడగరు. పొల్యూషన్ సర్టిఫికెట్ పొగ గురించి తప్ప బ్రేకుల గురించి ఒక్క మాటా చెప్పదు. కాబట్టి బండి చరిత్రను కొనేవాడే నాలుగు చోట్ల నుంచి ఏరి, తేదీల వారీగా ఒక కాగితం మీద రాసుకోవాలి. ఆ కాగితం చెప్పేదీ ఇనుము చెప్పేదీ ఒకటే కావాలి. తేడా వస్తే బేరం ఆపేయాలి.

మొదట ఆర్సీ. ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి, ఎన్నో ఓనరు, హైపోతికేషన్ (బండి మీద తీరని లోన్) ఉందా, ఇన్సూరెన్స్, పొల్యూషన్ గడువులు ఎప్పటిదాకా ఉన్నాయో చూడండి. ఆర్సీలో తయారైన నెల, రిజిస్ట్రేషన్ తేదీ వేరువేరుగా ఉంటాయి. షోరూమ్‌లో పది నెలలు నిలిచిన బండికి వయసు తయారీ నుంచే లెక్క. ఛాసిస్ నంబరును ఫోటోలో కాదు, బండి మీద చెక్కిన చోటే ఒక్కో అంకె పోల్చాలి. ఆ చుట్టూ గ్రైండర్ గీతలో కొత్త రంగో కనిపిస్తే అక్కడితో ఆగండి. ఒకప్పుడు ట్యాక్సీగా తిరిగి, తర్వాత తెల్ల బోర్డుకు మారిన బండ్లూ ఉంటాయి. పాత పాలసీ కాపీ అడిగితే ఆ సంగతి బయటపడుతుంది. చౌకగా దొరికే డీజిల్ బండి ఢిల్లీ నంబరుదైతే అక్కడి నుంచి తేవాల్సిన ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్క వేయండి. ఆ మొత్తం చూశాకే అది చౌకో కాదో తేలుతుంది.

రెండోది ఇన్సూరెన్స్ పాలసీ. చాలామంది గడువు తేదీ చూసి పక్కన పెట్టేస్తారు, కానీ అసలు చూడాల్సింది ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) శాతం. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లను బట్టి అది 20, 25, 35, 45, 50గా పెరుగుతుంది. ఒకే ఓనరు దగ్గర నాలుగేళ్లున్న కారుకు ఎన్‌సీబీ సున్నా ఉందంటే, గడిచిన ఏడాది క్లెయిమ్ అయినా జరిగి ఉండాలి, లేదా పాలసీ గడువు దాటి 90 రోజులకు పైగా రెన్యూవల్ చేయకుండా వదిలేసి ఉండాలి. రెంటిలో ఏదో అడగండి. అలాగని 50 శాతం చూసి నిశ్చింతగా ఉండకూడదు. ఎన్‌సీబీ మనిషిది, బండిది కాదు. పాత కారు మీద సంపాదించింది కొత్తదానికి తెచ్చుకోవచ్చు.

మూడోది సర్వీస్ రికార్డు. ఓనరును వెంటబెట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటరుకు వెళ్తే తేదీ, కిలోమీటర్లతో ప్రింటు అడగవచ్చు. బాడీ షాప్ జాబ్ కార్డులు కూడా విడిగా అడగాలి. యాక్సిడెంట్ పనులు చాలాసార్లు ఆ కార్డుల్లోనే ఉంటాయి. కిలోమీటర్ల వరసను గమనించండి. 2021 జూన్‌లో 41,000, 2022 జూన్‌లో 56,000, ఆ తర్వాత రికార్డే లేకుండా ఇవాళ మీటరు మీద 62,000 ఉంటే, ఏడాదికి 15 వేలు తిరిగిన బండి ఒక్కసారిగా ఇంట్లో కూర్చుందని నమ్మాలా? మీటరు వెనక్కి తిప్పడం ఇప్పుడు లాప్‌టాప్‌తో నిమిషాల్లో అయ్యే పని. అరిగిన పెడల్ రబ్బరు, నున్నబడిన స్టీరింగ్, కుంగిన డ్రైవర్ సీటు అంచు మాత్రం వెనక్కి తిరగవు. టైరు పక్కన ఉండే నాలుగంకెల కోడ్ చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. మీటరు మీద 25,000 చూపిస్తూ నాలుగు టైర్లూ బండి కన్నా కొత్తవైతే, పాతవి ఎందుకు మార్చారో చెప్పాల్సింది అమ్మేవాడు. నాలుగోది చలాన్ల జాబితా. దాంట్లో తేదీ, చోటు ఉంటాయి. బండి ఫలానా నెలల్లో వాడనేలేదన్న మాట నిజమో కాదో అక్కడ తెలిసిపోతుంది.

ఇక వరద బండ్లు. వీటి దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడాలి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2023 డిసెంబర్‌లో చెన్నై, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. బాగుచేయడం దండగని ఇన్సూరెన్స్ కంపెనీలు టోటల్ లాస్ కింద తీసుకున్న బండ్లు వేలంలో అమ్ముడుపోయి, కడిగి తుడిచి మళ్లీ రోడ్డెక్కుతాయి. నీటిలో ఇంజిన్ స్టార్ట్ చేస్తే సిలిండర్‌లో చేరిన నీరు కుదించుకుపోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అది మరమ్మతు అయ్యే జబ్బే. వైరింగ్‌ది అంతకన్నా మొండిది. కనెక్టర్లలో చేరిన తేమ రాగిని పచ్చగా తుప్పు పట్టించి, నెలల తర్వాత ఒక్కో లైటూ, ఒక్కో సెన్సరూ పోతుంటాయి. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ చాలా కార్లలో గేర్ లివర్ దగ్గరే, నేలకు ఆనుకునే ఉంటుంది.

చూడాల్సిన చోట్లు ఇవి: సీటు బెల్టును చివరిదాకా లాగి, రోజూ బయటికి రాని ఆఖరి భాగం మీద బురద గీత ఉందేమో చూడాలి. సీటు పట్టాల బోల్టుల తుప్పు, కార్పెట్ కింద ఉండే ఫోమ్ తడి, డిక్కీలో స్టెప్నీ గుంత, హెడ్‌లైట్ లోపలి ఆవిరి కూడా. కిందినుంచి ఫోన్ టార్చ్ వేసి డాష్‌బోర్డు లోపలి వైర్ల మీద మట్టి పొడి కోసం చూడండి. లోపల సువాసన గుప్పుమంటుంటే అద్దాలన్నీ ఎత్తి, పావుగంట ఎండలో ఉంచి, మళ్లీ తలుపు తీసి వాసన చూడాలి.

బాడీకి, రంగు మందం కొలిచే మైక్రాన్ మీటరు తీసుకెళ్లడం మంచిది. కంపెనీ రంగు సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. రెండు వందలు దాటితే మళ్లీ రంగు వేశారు. ఐదు వందలు దాటితే కింద పుట్టీ ఉంది. బంపరు గీతలకు, ఒక తలుపు సొట్టకు భయపడక్కర్లేదు, నగరంలో తిరిగిన బండికి అవి మామూలే. పైకప్పును మోసే పిల్లర్, బానెట్ కింది అప్రాన్ (ఇంజిన్ పక్కల ఉండే లోపలి రేకు), డిక్కీ నేల మాత్రం వేరే సంగతి. డోరు బీడింగ్ రబ్బరు పీకి చూస్తే కంపెనీ వెల్డింగ్ చుక్కలు వరసగా, గుండ్రంగా ఉంటాయి. చేత్తో చేసిన వెల్డింగ్‌లో ఆ వరస ఉండదు. అక్కడ అతుకు కనిపిస్తే ధర ఎంత తగ్గించినా ఆ బండి వద్దు. ఈసారి దెబ్బ తగిలితే ఆ అతుకు మనుషుల్ని కాయదు.

ఇంజిన్‌ను చల్లగా ఉన్నప్పుడే చూడాలి. వెళ్లగానే బానెట్ మీద చేయి పెట్టండి. వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారు, మర్నాడు పొద్దున రండి. ఇగ్నిషన్ ఆన్ చేయగానే చెక్ ఇంజిన్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు వెలగాలి, తర్వాత ఆరిపోవాలి. అసలే వెలగని లైటు, ఆరని లైటు కన్నా ప్రమాదం, ఎందుకంటే దాన్ని కావాలనే తీసేసి ఉండొచ్చు. నీలి పొగ అంటే ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా ఆగని తెల్ల పొగ అంటే కూలెంట్ అనుమానించాలి. ఆయిల్ మూత అడుగున పాల మీగడలాంటి ముద్ద ఉంటే హెడ్ గాస్కెట్ చూపించాలి, అయితే తక్కువ దూరాలు తిరిగే బండిలో తేమ వల్ల కూడా కొద్దిగా రావచ్చు. బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే ఓబీడీ స్కానర్ పెట్టినప్పుడు ఎర్రర్ కోడ్ ఒక్కటీ లేదని సంతోషించకండి, కోడ్‌లు చెరిపాక ఎంత దూరం నడిచిందో చూడండి. అక్కడ ఆరు కిలోమీటర్లు అని వస్తే నిన్నో మొన్నో ఎవరో చెరిపేశారు.

నడిపేటప్పుడు పాటలు, ఏసీ ఆపేయాలి. నాలుగో గేరులో 40 మీద ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కితే, స్పీడు పెరగకుండా ఆర్పీఎం లేస్తే క్లచ్ జారుతోంది. ఖాళీ పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా నడిపినప్పుడు టక్ టక్ అంటే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ అరిగింది. బీఎస్6 డీజిల్ అయితే, రోజూ నాలుగైదు కిలోమీటర్లే తిరిగిందా అని అడగండి, పొగలోని మసిని పట్టే ఫిల్టరు (డీపీఎఫ్) మూసుకుపోయేది అలాంటి వాడకంలోనే. చివరగా ర్యాంపు ఎక్కించి కింద చూడాలి. దానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనకండి.

డబ్బు ఇచ్చేటప్పుడు ఓనరు పేరు మార్పుకు కావాల్సిన ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు తీసుకోండి. లోన్ ఉంటే బ్యాంక్ ఎన్ఓసీ, ఫారం 35 కూడా కావాలి. ఆర్సీలో హైపోతికేషన్ తొలగేదాకా కొంత మొత్తం ఆపి ఉంచుతానని బయానా ఇచ్చేముందే చెప్పాలి, తర్వాత చెబితే గొడవ అవుతుంది. ఓనర్‌షిప్ మారిన 14 రోజుల్లోపు పాలసీని మీ పేరు మీదికి మార్పించుకోండి. ఆ గడువు దాటాక యాక్సిడెంట్ జరిగితే, మీ బండి నష్టానికి పెట్టిన క్లెయిమ్ పాత ఓనరు పేరు దగ్గరే ఆగిపోతుంది.