గుమ్మడి, యాపిల్ ‘పై’ (pie): మూడో ప్రయత్నం

మసాచుసెట్స్‌లో అక్టోబరు వచ్చిందంటే, తోటల దగ్గరి అంగళ్లలో యాపిల్ బుట్టల పక్కన బటర్‌నట్ గుమ్మడికాయలు రాశులు పోసి ఉంటాయి. వాటిలో పేరున్న ‘వాల్తామ్ బటర్‌నట్’ ఈ రాష్ట్రంలోనే రూపుదిద్దుకున్న రకం. 1970లో దానికి, కొత్త తోట రకాలను పరీక్షించి మేటివాటిని ఎంచే ఆల్ అమెరికా సెలెక్షన్స్ సంస్థ పురస్కారం లభించింది. మన తీపి గుమ్మడికి ఇది దగ్గరి చుట్టమే. గింజలన్నీ కింది బుర్రలో ఉండి మెడంతా గట్టి కండే కాబట్టి, ‘పై’లోకి (రెండు పిండి పొరల మధ్య పండ్ల ముక్కలు నింపి ఓవెన్‌లో కాల్చే వంటకం) సమానమైన ముక్కలు కావాలంటే మెడ పొడవుగా ఉన్న కాయనే ఎంచుకోవాలి.

ఇంతకు ముందు చేసిన రెండు పైలూ రుచికి బాగానే ఉన్నాయి గాని, రెండింటిలోనూ అడుగు పొర తడిసి ముద్దయింది. మొదటిసారి పచ్చి గుమ్మడి ముక్కలే నింపాను, యాపిల్ కూడా మెకింటాష్ రకం కావడంతో అది పూర్తిగా గుజ్జయిపోయింది. రెండోసారి కోర్ట్‌లాండ్, గ్రానీ స్మిత్ సగం సగం వేస్తే యాపిల్ ముక్కలు నిలిచాయి, కాని నీటి సమస్య తీరలేదు. అందుకే ఈసారి ఆ నీటిని ముందుగానే తీసేయాలని నిశ్చయించుకున్నాను.

చెక్కు తీసిన 650 గ్రాముల గుమ్మడిని అరంగుళం ముక్కలుగా కోసి, 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో అంచులు ఎర్రబడేవరకు అరగంట కాల్చి తూచితే 430 గ్రాములే ఉంది. అంటే ఇంతకు ముందు ఆ తేడా అంతా అడుగు పొరలోకే దిగిందన్నమాట. 700 గ్రాముల యాపిల్ ముక్కలకు 110 గ్రాముల బెల్లం పొడి, చిటికెడు ఉప్పు, దాల్చినచెక్క, కొద్దిగా జాజికాయ పట్టించి గంటసేపు ఉంచాను. ఊరిన రసాన్ని వడగట్టి, చెంచాకు అంటుకునే పాకం వచ్చేదాకా మరిగించి, ముక్కలతో పాటు రెండు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్‌లో కలిపాను.

అడుగున, మీద వేసే రెండు పిండి పొరలకూ కలిపి 320 గ్రాముల మైదా, 225 గ్రాముల చల్లని వెన్న, సుమారు 100 మిల్లీలీటర్ల ఐసు నీరు పట్టాయి. వెన్నను పూర్తిగా నలపకుండా బఠాణీ గింజలంత పలుకులుగా వదిలేయడం ముఖ్యం; ఓవెన్ వేడికి ఆ పలుకులు కరిగి, వాటిలోని నీరు ఆవిరై పైకి తన్నడం వల్లనే పొరలు విచ్చుకుంటాయి. ముద్దను గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి అప్పడాల కర్రతో వత్తినప్పుడు, పిండి మీద పసుపుపచ్చని వెన్న చారలు స్పష్టంగా కనిపించాయి. అంచును మాత్రం అమ్మ కజ్జికాయలకు మడిచినట్లే మడిచాను, ఎక్కడా విడిపోలేదు.

తొమ్మిదంగుళాల గాజు పళ్లెంలో నింపి, ముందే వేడెక్కిన ఇనుప పలక మీద పెట్టి, 220 డిగ్రీలలో 20 నిమిషాలు, తరువాత 190 డిగ్రీలలో 45 నిమిషాలు కాల్చాను. పై పొర రంగు చూసి తొందరపడి తీయకూడదు. గాట్ల మధ్య రసం చిక్కగా బుడగలు వచ్చినప్పుడే కార్న్‌ఫ్లోర్ పూర్తిగా ఉడికినట్లు. గాజు పళ్లెం కాబట్టి ఎత్తి చూస్తే అడుగు కూడా గోధుమ రంగుకు తిరిగింది.

నాలుగు గంటలు చల్లారనిచ్చి కోస్తే, ముక్క విడిపోకుండా నిలబడింది, అడుగు పొర కొరికితే కరకరలాడింది. అయితే పండ్లు కుంగడంతో పై పొర కింద వేలెడంత ఖాళీ ఏర్పడింది. వచ్చే వారం యాపిల్‌ను మరింత పలుచగా కోసి, ఒత్తుగా పేర్చి చూస్తాను.