మంచు లేని రెండు నెలలు, పెదవాల్తేరులో

మా అమ్మాయికి 14 ఏళ్ళు. మేముండే మిన్నెసోటాలో చలికాలం బడి వదలగానే పిల్లలు క్రాస్ కంట్రీ స్కీయింగ్‌కి వెళ్తారు. కొండ మీంచి జర్రున జారిపోయేది కాదిది, సన్నటి స్కీల మీద రెండు చేతులా కర్రలు పట్టుకుని మైళ్ళకు మైళ్ళు మంచులో సాగిపోవాలి, ఎత్తు వస్తే సొంత కాళ్ళతోనే ఎక్కాలి. 2018 ఒలింపిక్స్‌లో మిన్నెసోటా అమ్మాయి జెస్సీ డిగ్గిన్స్, కికన్ రాండల్‌తో కలిసి ఈ ఆటలో అమెరికాకి మొదటి బంగారు పతకం తెచ్చింది. 2024 ఫిబ్రవరిలో వరల్డ్ కప్ పోటీలు మినియాపొలిస్‌లోనే జరిగితే మా పిల్ల తాడుకి ఇవతల నిలబడి గొంతు పోయేదాకా అరిచింది. అప్పట్నించి దానికి ఇదే లోకం.

ఈ ఆటలో కొత్త సంవత్సరం మే నెలలో మొదలవుతుంది. మంచు పడేదాకా పరుగు, రోడ్డు మీద చక్రాలున్న రోలర్ స్కీలు, కర్రలతో కొండలెక్కడం. వేసవంతా కూడబెట్టుకున్న దమ్మునే చలికాలంలో ఖర్చు పెడతారు. సరిగ్గా ఆ నెలల్లోనే మేం విశాఖ వస్తాం, పెదవాల్తేరులో నాన్నగారింటికి.

పోయినేడు టికెట్లు కొన్నానని చెప్పగానే ఏడ్చేసింది. "రెండు నెలలు అక్కడ నేనేం చెయ్యాలమ్మా, అందరూ ముందుకెళ్ళిపోతారు" అంది. "మనం వెళ్ళేది తాతయ్య కోసం, నీ ట్రైనింగ్ కోసం కాదు" అన్నాను, కోపంగానే. ఆ మాట అనకుండా ఉండాల్సింది. దాని మంచు, నా సముద్రం ఒకే వేసవి కోసం కొట్టుకుంటున్నాయని అప్పుడు గట్టిగా అనుకునేదాన్ని. వాళ్ళ కోచ్ మాత్రం ఏం కంగారు పడలేదు. కిలోమీటర్లు చూడొద్దు, గంటలు చూసుకో, వారానికొక రోజు పూర్తిగా మానెయ్, అక్కడ ఏది దొరికితే అది చెయ్ అన్నారు.

దిగిన మూడో రోజు తెల్లవారుజామున బీచ్ రోడ్డుకి వెళ్ళాం, బండ్లు రానివ్వని గంటల్లో. అమెరికాలో పరిగెత్తే వేగంతోనే బయల్దేరింది. మ్యూజియంగా ఒడ్డున పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ దగ్గరికి వచ్చేసరికి కళ్ళు తిరిగి కూలబడింది. కొబ్బరిబోండాల ఆయన పరుగున వచ్చి మెడ మీద నీళ్ళు పోసి, బోండాం కొట్టి ఇచ్చి, "ఈ ఉక్కలో ఇలా పరిగెట్టేత్తారేటమ్మా" అని నన్ను మందలించాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

అసలు సంగతేంటంటే గాలిలో అంత తేమ ఉంటే చెమట పడుతుందే గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు, అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. ఒంటికి అలవాటవడానికి పది రోజులు, రెండు వారాలు పడుతుంది. వేసవికి సొంతూరు వచ్చే పిల్లల తల్లిదండ్రులకి నేను ముందుగా చెప్పేది ఇదే: మొదటివారం వాచీ తీసి పక్కన పెట్టించండి, నీళ్ళతోపాటు ఉప్పేసిన మజ్జిగ తాగించండి.

వాచీ లేనప్పుడు కొలత మాటే. పరిగెత్తుతూ ఒక పూర్తి వాక్యం పలకగలిగితే వేగం సరిపోయినట్టు, పలకలేకపోతే తగ్గించాలి. మా పిన్ని కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు, రోజూ దాంతో వెళ్ళేవాడు. వాడితో తెలుగులోనే మాట్లాడాలి. మొదట్లో అది ఆగిపోతుంటే ఆయాసమో, మాట దొరక్కో తెలిసేది కాదు. నెల తిరిగేసరికి తడి ఇసుక మీద అరగంట పరిగెత్తుతూ "మావయ్యా, మా చెరువు మొత్తం గడ్డ కట్టేస్తుంది, దాని మీద కార్లు కూడా నడుపుతారు" అని చెప్పుకుంటూ పోతోంది. తెలుగు బడికి నాలుగేళ్ళు తిప్పాను, అది తనంతట తానే ఇన్ని వాక్యాలు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

రోలర్ స్కీలు తేలేదు, మన సందుల్లో అవి ప్రమాదం. బదులుగా కిటికీ ఊచలకి రబ్బరు బ్యాండు కట్టి, కర్రలు పొడిచినట్టే రెండు చేతులా కిందికి లాగేది, వీపూ పొట్టా గట్టిపడటానికి. లెక్కపెట్టే పని నాన్నగారిది. ఎక్కడైనా మోసం చేస్తే "ఇది లెక్కలోకి రాదమ్మలూ" అనేవారు. అయ్యాక అమ్మ చేతి చోడి అంబలి.

అన్ని రోజులూ ఇలా సాగలేదు. కైలాసగిరి రోడ్డు మీద కర్రలతో ఎక్కుతుంటే ఎవరో ఆపి కాలికి దెబ్బ తగిలిందా అని అడిగారు, ఇంకెవరో వీడియో తీశారు. ఇంటికొచ్చి కర్రలు మంచం కిందికి తోసేసింది. ఐదు రోజులు లేవలేదు, తాటి ముంజెలు తిని నిద్రపోయింది. లేపాలని నాకు చేతులు లాగేవి, ఫీజులు, ప్రయాణాలు, తెల్లారుజాము డ్రైవింగులు అన్నీ గుర్తొచ్చేవి. ఊరుకున్నాను. అలా ఊరుకోవడమే ఆ వేసవిలో నేను చేసిన పెద్ద పని. ఆరో రోజు అదే లేచి వాళ్ళ మావయ్యని లేపింది.

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ, 32 కిలోమీటర్లు. పక్కింటి పిన్నిగార్లు వెళ్తున్నారని విని తనూ వస్తానంది. స్కీయర్లు ఇలాంటి పొడుగాటి, నెమ్మది రోజుల్ని కావాలనే పెట్టుకుంటారు కదా, అందుకని. కొండ కింది తొలి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరాం. హనుమంతవాక దాటాక నా కాళ్ళు బరువెక్కాయి, దానికేం కాలేదు. దారి పొడుగునా ఎవరెవరో మజ్జిగ, పులిహోర చేతిలో పెడుతున్నారు. కర్రలు మాత్రం మాధవధార దగ్గరికొచ్చేసరికి దాని చేతుల్లో లేవు. ముందు నడుస్తున్న, చెప్పుల్లేని ఒక పెద్దావిడ చేతిలో ఉన్నాయి. ఎలా పొడవాలో, ఏ కాలితో ఏ కర్ర వెయ్యాలో ఆవిడకి తెలుగులో చెప్తోంది.

ఈ ఏడు టికెట్లు నేనింకా చూడలేదు. తనే క్యాలెండరు తీసి ఆషాఢ పౌర్ణమి ఎప్పుడో వెతికి, అక్కణ్ణించి వెనక్కి పద్నాలుగు రోజులు లెక్కపెట్టి, "ఈలోపు దిగాలమ్మా, లేకపోతే ఒంటికి ఉక్క అలవాటవదు" అంది.