స్తంభం మీద నీడలు

వార్నర్ బ్రదర్స్ సంస్థ 1938లో విడుదల చేసిన ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్ హుడ్’ చిత్రాన్ని ఎన్నిసార్లు చూసినా, చివరి కత్తియుద్ధం మొదలయ్యేసరికి చేతిలో ఉన్న పనిని పక్కన పెట్టేస్తాను. నాటింగ్‌హామ్ కోటలో రాబిన్ హుడ్‌గా ఎరాల్ ఫ్లిన్, గై ఆఫ్ గిస్‌బర్న్‌గా బాసిల్ రాత్‌బోన్ మెట్ల మీద ఒకరినొకరు తరుముకుంటూ పోరాడుతుండగా, కాసేపు మనుషులిద్దరూ తెర మీద నుంచి తప్పుకొని, లావుపాటి రాతిస్తంభం మీద వారి నీడలు మాత్రమే కత్తులు దూస్తూ కనిపిస్తాయి. విలియం కీలీతో కలిసి ఈ చిత్రానికి దర్శకత్వం వహించిన మైకేల్ కర్టిజ్‌కు నీడలంటే ఎంతో మక్కువ. కత్తిసాములో ఫ్లిన్ కంటే రాత్‌బోనే దిట్ట అని తెలిశాక, కథ కోసం ఓడిపోతున్న ఆయన అడుగులనే ఎక్కువగా గమనిస్తున్నాను.

చిత్రంలో రాబిన్ హుడ్ తలదాచుకునే షేర్‌వుడ్ అడవిగా కనిపించేది కాలిఫోర్నియాలోని చీకో పట్టణపు బిడ్‌వెల్ పార్కు. ఆ పచ్చదనం టెక్నికలర్ అనే ఆనాటి రంగుల చిత్రీకరణ పద్ధతిలో ఈనాటికీ వాడిపోలేదు.

అయితే ఆ పోరాటానికి ప్రాణం పోసింది ఎరిక్ వుల్ఫ్‌గాంగ్ కార్న్‌గోల్డ్ సంగీతమని నా గట్టి నమ్మకం. యూదుడైన ఆయన వియన్నాలో ఉండగా ఈ చిత్రం కోసం హాలీవుడ్ నుంచి పిలుపు వచ్చింది. వచ్చి చిత్రాన్ని చూశాక, తాను హృదయభావాలకు సంగీతం కూర్చేవాడినే తప్ప పోరాటాలకు కాదంటూ మొదట నిరాకరించారు. ఆస్ట్రియా పరిస్థితి రోజురోజుకూ దిగజారుతుండగా చివరకు ఒప్పుకున్నారు. 1938 మార్చిలో హిట్లర్ సేనలు ఆస్ట్రియాను ఆక్రమించాయి. వియన్నాలోని ఆయన ఇల్లు నాజీల పాలైంది. రాబిన్ హుడ్ తన ప్రాణం కాపాడాడని ఆయన తరువాత చెప్పుకున్నారు.

ఈ సంగతి తెలిసిన నాటి నుంచి, రాబిన్ అనుచరులు చెట్లమీద నుంచి దూకేటప్పుడు వినిపించే ఆ ఉల్లాసభరితమైన బాణీలను నేను మునుపటిలా వినలేకపోతున్నాను; సొంత ఊరు చేజారిపోతున్న రోజుల్లో ఒక మనిషి ఇంతటి సంతోషాన్ని స్వరపరచగలిగాడే అని మనసు కదిలిపోతుంది. అంతకుముందు సంగీతానికి ఇచ్చే ఆస్కార్‌ను స్టూడియో సంగీత విభాగాధిపతి అందుకునేవారు. ఈ చిత్రానికి మాత్రం ఆ పురస్కారం స్వరకర్త కార్న్‌గోల్డ్‌కే దక్కింది. ఆయన మళ్లీ వియన్నాలో అడుగుపెట్టింది 1949లో.